వారానికి రెండు పూటలు

మార్లా తన కళ్ళని తనే నమ్మలేకపోయిన ఆ మంగళవారం నేను ఆమె పక్కనే ఉన్నాను. అసలు ఆమెను అక్కడికి లాక్కెళ్ళింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక.

మాది అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రపు కొండల్లో చిన్న ఊరు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే తల్లులం పదకొండు మందిమి ఉన్నాం. ప్రతి బుధవారం లైబ్రరీ వెనక గదిలో కలుస్తాం. పిల్లలు అట్టముక్కలతో వంతెనలు కడుతుంటే మేం కాఫీ తాగుతూ పోట్లాడుకుంటాం. ఆ చలికాలమంతా మా పోట్లాట ఒకటే. పెద్దపిల్లల్ని ఇంట్లో చదివిస్తూ, నాలుగేళ్ళ బుడతల్ని మాత్రం వారానికి రెండు పూటలు ప్రీస్కూలుకో డేకేర్‌కో పంపవచ్చా, కూడదా?

నాకైతే పంపాలనే ఉండేది. నేను మా పెద్దవాడికి భాగహారం చెబుతుంటే మా చిన్నది హ్యాటీ బల్ల కిందికి దూరి నా మేజోళ్ళ మీద రంగులు పూసేది. మార్లా హెంబ్రీ మాత్రం ససేమిరా అనేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఎనిమిదేళ్ళ టెస్సా, నాలుగేళ్ళ జూడ్.

"రెండు పూటలే కదే. పూటకి మూడు గంటలు. ఆ మాత్రానికి జూడ్ నిన్ను మర్చిపోతాడా?" అన్నాను ఒకసారి.

"ఇవాళ రెండు పూటలు. రేపు అయిదు పూటలు. ఆ తర్వాత ఇక కన్నదెందుకట?"

"కన్నావని నడుముకి కట్టుకు తిరుగుతావా?"

"తిరుగుతాను. నా నడుము, నా పిల్లాడు. మధ్యలో నీకేం నొప్పి రోవీనా?"

గదంతా నవ్వులు. కానీ మార్లా నవ్వలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆమె తల్లి వర్నా చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తూ ఒంటరిగా ఆమెను పెంచింది. ఆరు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ మార్లాను ఒకావిడ ఇంట్లో, పన్నెండు మంది పిల్లల మధ్య వదిలి పనికి వెళ్ళేది. అయిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఫ్యాక్టరీలో పని ఎక్కువై వర్నా రావడం ఆలస్యమైతే, ఆ ఇంటావిడ తాళం వేసుకుని, మార్లాను మెట్ల మీద కూర్చోబెట్టి తన దారిన తను పోయింది. మార్లా వానలో తడుస్తూ కూర్చుంది. ఈ మాట నాకు ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు.

మార్లా మంగళ, గురువారాల్లో ఉదయం పూట జంతువుల ఆసుపత్రిలో ఫోన్లు చూసే పని చేసేది. ఆ రెండు ఉదయాలూ పిల్లలు వర్నా దగ్గరుండేవారు. వర్నా పని మానేసి అప్పటికి అయిదేళ్ళు. ఊరి చర్చికి ఎదురుగా ఆమె ఇల్లు. "నా పిల్లలు పరాయివాళ్ళ చేతుల్లో లేరు, అమ్మమ్మ దగ్గరున్నారు" అని మార్లా గర్వంగా చెప్పుకునేది.

అక్టోబరులో అనుకుంటా, ఒక బుధవారం నవ్వుకుంటూ వచ్చింది. "మావాడికో ఊహల నేస్తం పుట్టాడే. పేరు ఓటిస్. వాడు జిగురు తింటాడట!"

"వాడికీ ఒక కంచం పెట్టు, పాపం" అన్నారెవరో. కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత జూడ్ కొత్త కొత్త పాటలు పాడుతున్నాడనీ, అడక్కుండానే బొమ్మలు సర్దేస్తున్నాడనీ చెప్పింది. అంతా వర్నా పెంపకం అనుకున్నాం.

జనవరిలో గడ్డకట్టే చలి వచ్చింది. ఆ మంగళవారం జంతువుల ఆసుపత్రిలో నీళ్ళ గొట్టాలు పగిలి గదుల్లోకి నీళ్ళొచ్చాయి. తొమ్మిదింటికల్లా అందర్నీ ఇంటికి పొమ్మన్నారు. మార్లా నాకు ఫోన్ చేసింది.

"పిల్లలు అమ్మ దగ్గరున్నారు. ఒంటి గంట దాకా నేను మహారాణిని. కాఫీకి వస్తావా?"

"చర్చిలో ప్రీస్కూలు చూడ్డానికి వెళ్తున్నానే, హ్యాటీ కోసం. మా పిల్లల్ని మావారు చూసుకుంటారు. నువ్వూ రా. ఊరికే చూడు. చూస్తే అంటుకోదులే."

"వస్తాను. నువ్వు తెల్లబోయిన మొహంతో బయటికొస్తుంటే చూడాలని ఉంది" అంది.

చర్చి పక్క భాగంలో ఆ బడి. మేం వెళ్ళేసరికి పిల్లలంతా లోపలి హాలులో గెంతుతున్నారు. నడవాలో గోడ పొడవునా, నా నడుము ఎత్తున, చెక్క కొక్కేలు వరుసగా ఉన్నాయి. ఒక్కో కొక్కెం మీద ఒక పేరు, ఒక చిన్న కోటు.

"ఇదుగో, ఇక్కడా ఒక జూడ్ ఉన్నాడు" అన్నాను నేనే, సరదాగా.

మార్లా వంగి చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆ కోటు ముదురు నీలం. గుండీలన్నీ నల్లవి, మూడోది ఎర్రది. పోయిన గుండీకి బదులు ఇంట్లో దొరికినదాన్ని కుట్టిన కోటు. ఆ ఉదయం ఏడున్నరకి, వాకిట్లో, మంచులో నిలబడి తన చేతులతో ఆ గుండీలు పెట్టింది మార్లాయే.

"రోవీనా, ఈ కోటు మాది" అంది.

నేనేదో అనేలోపే హాలు తలుపు తెరుచుకుంది. పొడుగాటి తాడు పట్టుకుని పిల్లలు రైలులా బయటికొచ్చారు. మూడోవాడు జూడ్. తల్లిని చూశాడు. వాడు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"అమ్మా, నువ్వూ వచ్చావా? ముందు చేతులు కడుక్కో. కడుక్కోకపోతే బిస్కెట్ ఇవ్వరు" అన్నాడు. తర్వాత తన వెనక ఉన్న సోడాబుడ్డి కళ్ళద్దాల పిల్లాణ్ణి ముందుకు లాగాడు. "వీడే ఓటిస్."

మార్లా గోడకి ఆనుకుంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

పిల్లల వెనక ఓపల్ టీచర్ వచ్చింది. అరవై దాటిన మనిషి, జుట్టు పొట్టిగా, తెల్లగా. "జూడ్ అమ్మగారా! ఎన్నాళ్ళకి! ఉదయం పూట మీకు సెలవు దొరకదని మీ అమ్మగారు చెప్పారు" అంది నవ్వుతూ. మార్లా మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి?" అంది మార్లా.

"సెప్టెంబరు నుంచి. మీకు... మీకు తెలియదా?"

మార్లా తల అడ్డంగా ఊపింది. ఓపల్ టీచర్ పిల్లల్ని తోటి టీచరుకి అప్పగించి, తన గదిలోకి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. జూడ్‌ని చేర్చినప్పటి ఫారం. అడుగున సంతకం, మార్లా హెంబ్రీ అని.

మార్లా ఆ సంతకం మీద వేలు పెట్టింది. "ఇది నా పేరు. ఇది మా అమ్మ చేతిరాత" అంది.

"నేను మీకొక్కసారి ఫోన్ చెయ్యాల్సింది" అంది ఓపల్ టీచర్. "వర్నాని ముప్ఫయ్యేళ్ళుగా ఎరుగుదును కదా అని ఊరుకున్నాను. తప్పు నాదే. ఏమనాలో అనండి, పడతాను."

మార్లా కాగితం ఆమె చేతికిచ్చేసింది. వెళ్ళి జూడ్‌ని ఎత్తుకుంది. వాడు గింజుకున్నాడు. "ఇంకా బిస్కెట్ తినలేదమ్మా!" అని కాళ్ళు తన్నుకున్నాడు. వాణ్ణి కిందికి దించి, ఒక నిమిషం వాడి తల మీద చెయ్యి ఉంచి, చరచరా బయటికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ కూడా చూడలేదు.

వర్నా ఇంటి తలుపుకి గడియ వేసి లేదు. ముందుగదిలో వర్నా కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో అల్లిక. ఎదురుగా చిన్న పీట మీద టెస్సా. మోకాళ్ళ మీద లెక్కల పుస్తకం, పక్కన వంటింట్లో నిమిషాలు పెట్టుకునే గంట గడియారం. మేం గుమ్మంలో అడుగుపెడుతుండగా అది ట్రింగుమంది. టెస్సా పెన్సిలు పక్కన పెట్టి, అమ్మమ్మ మోకాలు తట్టింది.

"అమ్మమ్మా, ఇవాళ ఏం వారం?"

"మంగళవారం, తల్లీ."

"నా పేరు?"

"టెస్సా."

టెస్సా ఒక చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, గడియారం మళ్ళీ తిప్పింది. అప్పుడు తలెత్తి తల్లిని చూసింది. పుస్తకం చేతిలోంచి జారింది.

"జూడ్ ఎక్కడున్నాడో చూసొస్తున్నానమ్మా" అంది మార్లా, తల్లివైపు తిరిగి. "నా సంతకం కూడా చూశాను. బాగా కుదిరింది."

వర్నా అల్లిక పక్కన పెట్టింది. ఈ రోజు వస్తుందని ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది. "అరుచుకుంటే అరుచుకో. పిల్ల ముందు మాత్రం వద్దు."

"పిల్ల ముందు వద్దా? పిల్ల చేత దాయించావు కదే! టెస్సా, నాలుగు నెలలు నాతో అబద్ధం చెప్పావా?"

"చెప్పలేదమ్మా" అంది టెస్సా సన్నగా. "అమ్మమ్మ దగ్గర బుద్ధిగా ఉన్నారా అని అడిగేదానివి. ఉన్నాం అనేదాన్ని. ఉన్నాం కదా. జూడ్ ఎక్కడున్నాడని నువ్వెప్పుడూ అడగలేదు."

మార్లా మళ్ళీ తల్లివైపు తిరిగింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చెప్పింది వర్నా కాదు, టెస్సా. సెప్టెంబరు మొదట్లో ఒక ఉదయం వర్నా వరండాలో చిక్కుళ్ళు వలుస్తోంది. జూడ్ మెట్ల మీద ఆడుకుంటున్నాడు. లోపల చదువుకుంటున్న టెస్సాకి గిన్నె పడిన చప్పుడు వినిపించింది. వచ్చి చూస్తే అమ్మమ్మ తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. జూడ్ లేడు.

"ఎటు పరుగెత్తాలో తెలీలేదమ్మా. అమ్మమ్మని కుదిపాను, లేవలేదు. అందుకని రోడ్డు మీదికి పరుగెత్తాను. మలుపు దగ్గర కోళ్ళ లారీ ఆగి ఉంది. ఆ లారీ అతను జూడ్ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి తీసుకొచ్చేసరికి అమ్మమ్మ చిక్కుళ్ళు ఏరుకుంటోంది. జూడ్ ఎక్కడ అని అడిగితే, ఇక్కడే ఉన్నాడుగా అంది."

వర్నాకి తను స్పృహ తప్పిన సంగతే తెలియదన్నమాట. పిల్ల చెబితేనే తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మార్లా.

"చెబితే ఏం చేసేదానివి? ఇద్దర్నీ నా దగ్గర్నుంచి తీసుకుపోయేదానివి."

"అవును, తీసుకుపోయేదాన్నే!"

"అందుకే చెప్పలేదు" అంది వర్నా. "నిన్ను నా చేతులారా ఎలాంటి చోట వదిలానో నాకు గుర్తుంది. వీణ్ణి అలా వదల్లేదు మార్లా. వారం రోజులు ఆ చర్చి కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఓపల్ ఒక్క పిల్లాణ్ణి కూడా కసురుకోలేదు. అప్పుడు చేర్చాను. వాడు రోడ్డెక్కకుండా ఉంటే చాలనుకున్నాను."

"వాడికో టీచర్ని చూశావు, సరే." మార్లా టెస్సావైపు వేలు చూపించింది. "మరి దీన్నెవరు చూస్తున్నారమ్మా?"

టెస్సాయే అందుకుంది. "నాకేం కష్టం కాలేదమ్మా. పదిహేను నిమిషాలకొకసారి అడగడమే. మిగతా అప్పుడు లెక్కలు చేసుకుంటాను."

మార్లా కింద పడిన నోటుపుస్తకం తీసింది. ఆమె భుజం మీదుగా నేనూ చదివాను. పేజీ తర్వాత పేజీ, టైము, ఎదురుగా "బాగుంది." టైము, "బాగుంది." మధ్యలో ఒకచోట: "జవాబు లేదు. ఎనభై లెక్కపెట్టాక పలికింది. చేతులు చల్లగా ఉన్నాయి." ఇంకో నెలలో మళ్ళీ: "జవాబు లేదు. నూటపది." పోయిన గురువారం పేజీలో: "జవాబు లేదు. రెండుసార్లు."

మార్లా ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఏడవలేదు. పుస్తకం మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

"రోవీనా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి" అంది.

"నాకేం కాలేదు" అని వర్నా లేవబోయింది.

"కూర్చో!" అని అరిచింది మార్లా. ఆ ఇంట్లో ఆ రోజు ఆమె అరిచిన అరుపు అదొక్కటే.

తల్లీకూతుళ్ళిద్దరూ అంబులెన్సులో వెళ్ళారు. నేను మధ్యాహ్నం జూడ్‌ని బడి నుంచి తీసుకుని, ఇద్దరు పిల్లల్నీ కారెక్కించుకున్నాను. జూడ్ వెనక సీట్లో పాటలు. టెస్సా నా పక్కన బిగుసుకుని కూర్చుంది.

"రోవీనా ఆంటీ, ఆసుపత్రిలో వాళ్ళు పదిహేను నిమిషాలకొకసారి అడుగుతారా?"

"అడగరే. గుండెకి తీగలు పెట్టి క్షణక్షణం యంత్రం చూస్తుంది. పక్కనే నర్సులుంటారు."

"అంటే నేనింక చూడక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

రెండు వీధులు దాటేసరికి ఆ పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోయింది. మా ఇంటి ముందు కారాపినా లేవలేదు. పట్టపగలు, తమ్ముడు చెవిలో పాడుతున్నా, నాలుగు గంటలు మా సోఫాలో అలాగే పడి నిద్రపోయింది. నేను పక్కనే కూర్చున్నాను. ప్రతి బుధవారం మా కళ్ళెదుటే వంతెనలు కట్టిన పిల్ల. ఎంత బుద్ధిమంతురాలో అని మేమంతా మెచ్చుకున్న పిల్ల. మాలో ఒక్కరికీ ఏ అనుమానమూ రాలేదు.

వర్నా గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ కొన్ని క్షణాలు ఆగిపోతోందని డాక్టర్లు తేల్చారు. ఆ వారంలోనే ఛాతీలో చిన్న యంత్రం అమర్చారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు.

మార్లా భర్త డ్వేన్ కరెంటు తీగల మనిషి. మంచుకి తెగిన తీగలు కట్టడానికి పక్క జిల్లాకి వెళ్ళినవాడు శుక్రవారానికి గానీ ఇల్లు చేరలేదు. విన్నాక, "ఆవిడ గడప పిల్లలు తొక్కడానికి వీల్లేదు. ఆ బడి గడప అసలే వీల్లేదు" అన్నాడట. మార్లా కూడా సరేనంది. ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఇక అంతా మామూలే అనుకుంది.

తర్వాతి గురువారం పొద్దున నాకు ఫోన్ చేసింది.

"వీడు బూట్లు తిరగేసి తొడుక్కుని తలుపు దగ్గర కూర్చున్నాడే. ఏడుస్తున్నా బాగుండేది. ఏడవడం లేదు. ఇవాళ తాడు చివర పట్టుకునే వంతు నాదమ్మా అంటున్నాడు, అంతే. ఏం చెయ్యను?"

బుధవారాల్లో అంత వాదించినదాన్ని, ఆ రోజు ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

"ఓ పూట నువ్వెళ్ళి కూర్చుని చూడు. చూశాక వద్దంటే వద్దు" అన్నాను చివరికి.

వెళ్ళింది. ఆ పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే మూడు గంటలు కూర్చుందట. జూడ్ రెండుసార్లు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని మళ్ళీ పరుగెత్తాడట. ఓటిస్ నిజంగానే జిగురు తిన్నాడట. డ్వేన్‌తో రెండు రోజులు వాదులాట. "నువ్వే కదా ఇన్నాళ్ళూ వద్దన్నది?" అని అతను. "అవును, నేనే. ఆ మెట్ల మీద కూర్చున్నదీ నేనే. వాడు కాదు" అని ఈమె. చివరికి కొత్త ఫారం మీద తన చేత్తో సంతకం చేసింది. వారానికి రెండు పూటలు. మూడో పూట మాటెత్తవద్దని ఓపల్ టీచరుకి ముందే చెప్పింది. టెస్సాని మాత్రం ఆ రెండు ఉదయాలూ జంతువుల ఆసుపత్రికి తనతో తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరినీ కనిపెట్టుకుని ఉండే పని లేదు. కుక్కపిల్లలుంటాయి, అంతే.

ఇక నా సంగతి. అందరికన్నా గట్టిగా వాదించిన నేను హ్యాటీని పంపలేదు. ఫారం ఇంటికి తెచ్చుకున్నాను. సంతకం చెయ్యబోతే చెయ్యి ఆడలేదు. బడి మంచిదే. ఎందుకు ఆడలేదో నాకే తెలియదు.

వర్నాతో మార్లా మూడు వారాలు మాట్లాడలేదు. కానీ ప్రతి పరీక్షకీ తనే తీసుకెళ్ళింది, మందులు తనే డబ్బాల్లో సర్దింది, ఒక్క మాట లేకుండా. ఫిబ్రవరిలో ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ వర్నా, "నన్ను ఎప్పటికైనా క్షమిస్తావా?" అని అడిగిందట. "చూస్తానమ్మా. ఇప్పుడు మాత్రం సీటు బెల్టు పెట్టుకో" అందట మార్లా. ఆదివారాలు మార్లా ఇంటికి వర్నా భోజనానికి వస్తుంది. డ్వేన్ ఆమెకి మొక్కజొన్న రొట్టె అందిస్తాడు, మాట మాత్రం అందించడు. పిల్లల్ని ఆమె దగ్గర ఒంటరిగా వదలడం ఇప్పటికీ లేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మార్లా నుంచి మళ్ళీ ఫోన్. గుసగుసగా మాట్లాడుతోంది.

"ఏమైందే? వర్నాకా?"

"కాదే. టెస్సా నాకు ఎదురు చెప్పింది!"

"ఏంటీ?"

"స్పెల్లింగులు రాయమన్నాను. రాయను, నాకిష్టం లేదు, కావాలంటే నువ్వే రాసుకో అంది. పుస్తకం విసిరికొట్టి, తలుపు దభాలున వేసుకుంది." మార్లా నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. "ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి రోవీనా."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? తలుపు బయట నిలబడ్డాను. లోపల ఇంకా తిడుతూనే ఉంది. విను."

ఫోన్ తలుపు దగ్గర పెట్టింది. నేను విన్నాను. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.